గడియారాల పళ్ళెం

సాయంత్రం నాలుగింటికల్లా సంతకం పెట్టాలి. పెడితే మర్యాదగా సాగనంపుతారు, పెట్టకపోతే మెడ పట్టి గెంటుతారు. తేడా అంతే. ఆ కాగితం ఒళ్ళో పెట్టుకుని విచారణ గది బయట బల్ల మీద కూర్చుంది నా మేనకోడలు. అప్పటికి ఉదయం పది దాటి అయిదు నిమిషాలయింది.

మా తమ్ముడి కూతురు. ఇంట్లో అందరం మిరియం అంటాం. చూడ్డానికి ఇంతే, ఘాటు మాత్రం ఇల్లంతా. అయిదేళ్ళుగా ఇక్కడ కాంతి మీద పరిశోధన చేస్తోంది. మరో మూడు నెలల్లో డాక్టరేటు చేతికి రావలసిన పిల్ల. ఇప్పుడు ఆ పిల్ల మీద మోపిన నేరం చిన్నదేం కాదు. ఎవరూ సాధించని ఫలితం సాధించానని అబద్ధమాడిందట. దాన్ని సరిచూడడానికి బయటి నిపుణులు వస్తున్నారని తెలిసి, ఆ ఫలితం ఇచ్చిన నమూనాని లేజరుతో కాల్చేసిందట. తొమ్మిది రోజుల కిందట, మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల పన్నెండు నిమిషాలకి.

కాగితం నేనూ చదివాను. 'వ్యక్తిగత కారణాల వల్ల' అని మొదలుపెట్టి, ఆ ఫలితాన్ని వెనక్కి తీసుకుంటున్నాననీ, ఇక మీదట దాని ఊసెత్తననీ రాసుంది. ఎంత చక్కటి భాషో. చదువుతుంటే ఒళ్ళు మండిపోయింది.

“పెడతావా?” అని అడిగాను.

“చెయ్యి విరిగినా పెట్టను అత్తా.”

“పెట్టకపోతే అయిదేళ్ళ కష్టం నీళ్ళపాలు.”

“పెడితే ఏడు నీళ్ళపాలు. కష్టం మళ్ళీ పడొచ్చు. నిజాన్ని కాదని రాసిచ్చాక ఇంకేం మిగుల్తుంది?”

ఏడు అంటే ఏమిటో కాస్త ఆగితే తెలుస్తుంది. నా దగ్గర దాచినదేమైనా ఉందా అని మాత్రం గుచ్చి గుచ్చి అడిగాను. లేదంది. కోటు బొత్తాం వేళ్ళతో తిప్పుతూ లేదంది. ఆ బొత్తాం కిందటి బుధవారం మా ఇంటికొచ్చి తనే కుట్టుకుంది. బుద్ధెరిగాక సూది పట్టని పిల్ల, నా బొత్తాల డబ్బా ముందేసుకుని గంటసేపు కూర్చుంది. దిగులుగా ఉన్నప్పుడు చేతులకి ఏదో ఒక పని కావాలి కదా అనుకుని ఊరుకున్నాను.

ఇక్కడ నా సంగతి కూడా చెప్పాలి. పదకొండేళ్ళు పోలీసు శాఖలో, పదకొండేళ్ళు సొంతంగా, మొత్తం ఇరవై రెండేళ్ళుగా జనం అబద్ధాలు పట్టుకుని బతుకుతున్నాను. విచారణ సంఘం ముందు ప్రతి విద్యార్థీ తన తరఫున ఒకరిని తెచ్చుకోవచ్చని ఇక్కడి నియమాల పుస్తకంలో ఉంది. మిరియం నన్ను తెచ్చుకుంది. సంఘం అధ్యక్షురాలి సంతకంతో అనుమతి కాగితం నా సంచీలో ఉంది. చేతిలో ఆరు గంటలున్నాయి.

విశ్వవిద్యాలయం భద్రతాధికారి గది అదే వరుసలో చివర. ఆయన నాకు కొత్త కాదు. పోలీసు శాఖలో నా పై అధికారి. చేతిలో ఎప్పుడూ రూళ్ళకర్ర ఉండేది, దాంతో బల్ల మీద కొట్టి కొట్టి మాట్లాడేవాడు. చాటుగా అందరం రూళ్ళకర్ర అనే పిలిచేవాళ్ళం. నేను ఉద్యోగం మానేసింది ఆయన పుణ్యమే. ఆయన పట్టుకొచ్చిన మనిషి దొంగ కాదని ఒక కేసులో నేనంటే, ఆడవాళ్ళకి జాలి ఎక్కువ అన్నాడు. ఆ దొంగ కాని మనిషి నాలుగేళ్ళు జైల్లో ఉండి బయటికొచ్చాడు.

“మేనకోడలి కేసుకి మేనత్త డిటెక్టివా? బాగుందమ్మా,” అన్నాడు నన్ను చూడగానే.

అనుమతి కాగితం బల్ల మీద పెట్టాను. పెదవి విరిచి, రెండు కాగితాలు నా వైపు తోశాడు. మొదటిది ప్రయోగశాల తలుపు రికార్డు. కార్డు చూపిస్తే తప్ప ఆ తలుపు లోపలికీ తెరుచుకోదు, బయటికీ తెరుచుకోదు. మూడు గంటల నాలుగు నిమిషాలకి మిరియం కార్డు లోపలికి, మూడు ఇరవై ఒకటికి బయటికి. మధ్యలో ఇంకెవరి కార్డూ లేదు. రెండోది లోపలి కంప్యూటరు తనంతట తాను రాసుకున్న రికార్డు. మూడు పన్నెండుకి లేజరు పూర్తి బలంతో నమూనా మీద పడిందని అందులో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి ఆయన తన పాత రూళ్ళకర్రతో ఒక్క దెబ్బ కొట్టాడు. కథ అయిపోయిందని దానర్థం.

తలుపు రికార్డు మూడు నుంచి మూడున్నర దాకానే ఉంది. రోజంతటిదీ కావాలన్నాను. మూడు పన్నెండుకి కాలినదానికి నాలుగింటి లెక్క దేనికని ఆయన విసుక్కున్నాడు.

“అప్పుడు కూడా మీరు ఒక్క పేజీయే చదివారు సార్,” అన్నాను.

ఆయన ముఖం కందగడ్డయింది. ఒక్కో మాటా నొక్కి పలికాడు. “ఈ తలుపుల గడియారం రోజూ నెట్‌వర్కుతో సరిచూసుకుంటుంది. ఏడాదికి ఒక్క సెకను తేడా రాదు. దీని ముందు నీ జాలి పనిచెయ్యదు.”

ఆ మాట నా పుస్తకంలో రాసుకున్నాను. మనిషి గొప్పలు చెప్పుకున్న చోట ఒక గుర్తు పెట్టుకోవడం నాకు అలవాటు. రాసుకుంటుంటే ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

ప్రయోగశాల నేలకి కింది అంతస్తులో ఉంది. పైన రోడ్డు మీద లారీ వెళ్ళినా వీళ్ళ పని చెడుతుందట. అక్కడ నాకోసం మేస్త్రి ఎదురు చూస్తున్నాడు. మిరియం పనిచేసే పరిశోధన గుంపుకి నమూనాలు చేసిపెట్టే మనిషి, అరవైకి దగ్గర పడ్డాడు. బంగారాన్ని వెంట్రుకలో వెయ్యో వంతు సన్నపు మొనలుగా మలచగలడు. పేరున్న డాక్టరేట్లన్నీ ఆయన చేతి మీదుగానే బయటికెళ్ళాయని మిరియం ఎప్పుడూ అంటుంది.

తలుపు దాటగానే చిన్న ముందు గది. గోడకి మేకుల నిండా రంగు కళ్ళజోళ్ళు, వాటి కింద ఒక స్టూలు, స్టూలు మీద వెడల్పాటి పళ్ళెం. మెరిసేవన్నీ అందులో పెట్టెయ్యమన్నాడు మేస్త్రి. వాచీ, ఉంగరం, ఫోను, చెవులవీ. లేజరు వెలుగు వాటి మీద పడి చెదిరిందంటే గదిలో ఎవరిదో ఒకరి కన్ను పోతుంది. ఈ గుంపుని నడిపే ప్రొఫెసరు, మిరియం వాళ్ళ గైడుగారి దగ్గర నుంచి నిన్న చేరిన విద్యార్థి దాకా ఈ నియమం తప్పినవాళ్ళు లేరట.

నా మణికట్టుకి ఉన్నది మా నాన్న ఇచ్చిన కీ వాచీ. ఆయన గడియారాలు బాగుచేసి మా అందరినీ పెంచాడు. స్నానానికి తప్ప దాన్ని తియ్యను. గొణుక్కుంటూ తీసి పళ్ళెంలో పెట్టాను. పదకొండు పది అయింది.

లోపల నల్ల తెరలు, గాలి మీద తేలే నాలుగు కాళ్ళ ఇనుప బల్ల, దాని మీద వందల కొద్దీ చిన్న చిన్న అద్దాలు. గోడ మీద గుంపు ఫోటోలు, పత్రికల అట్టలు, బహుమతి పత్రాలు. నాలాంటిదానికి అర్థమయ్యేట్టు మేస్త్రి ఓపిగ్గా చెప్పాడు. గిన్నె మీద చెంచాతో కొడితే కాసేపు మోగి ఆగుతుంది. బంగారు మొన మీద కాంతితో కొడితే అందులోని ఎలక్ట్రాన్లు అలాగే కాసేపు ఊగి ఆగుతాయి. ఎంతసేపు ఊగుతాయి? ఈ గది పదిహేనేళ్ళుగా అడుగుతున్నది ఆ ఒక్క ప్రశ్నే. ఒక మెరుపుతో కొట్టి, వెనకాలే రెండో మెరుపు పంపి చూస్తారు. రెండో మెరుపుని ఆలస్యం చెయ్యడానికి అద్దాన్ని వెంట్రుకలో అయిదువందో వంతు వెనక్కి జరుపుతారు. సెకనుని పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క ఆలస్యమవుతుంది. ఆ ముక్కనే ఫెమ్టోసెకను అంటారు.

గైడుగారు పదిహేనేళ్ళ కిందట దీనికి జవాబు పద్దెనిమిది ముక్కలన్నారు. అది పుస్తకాలకెక్కింది. ఆ పద్దెనిమిది మీదే ఈ గుంపు, ఈ గది, గోడ మీది బహుమతులూ నిలబడ్డాయి. తర్వాత మిరియం, మిగతా అయిదుగురు విద్యార్థులూ కలిసి రెండేళ్ళు రెక్కలు ముక్కలు చేసుకుని మెరుపుని నాలుగు ముక్కల పొడవుకి కుదించారు. ఆ గుంపు చేసిన పనుల్లో అదే పెద్దది. దాంతో చూస్తే జవాబు ఏడని తేలింది. పాత లేజరు మెరుపే పద్దెనిమిది పొడవుంది. అంటే గైడుగారు అప్పుడు కొలిచింది బంగారాన్ని కాదు, తన మెరుపుని తానే కొలుచుకున్నారు. మిరియం ఆ మాట దాచకుండా రాసింది. ఏడుని పద్దెనిమిదికి దగ్గరగా సర్దమని ఎవరెన్ని విధాల చెప్పినా వినలేదు. సరిచూడమని బయటి నిపుణులకి తనే ఉత్తరం రాసింది. వాళ్ళు వచ్చేది ఎల్లుండే.

మేస్త్రి కాలిన నమూనాని సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. గోరంత పలక. వరసగా బంగారు మొనలు, మధ్య వరస మాత్రం కరిగి గుండ్లు గుండ్లుగా ముడుచుకుపోయింది. పలక మూల మీద సన్నగా '17-అ' అని గీసుంది. అదేమిటంటే ఏదో గుర్తులెమ్మని చెప్పి, అవసరం లేకపోయినా కటకం తుడవడం మొదలుపెట్టాడు.

లేజరు దారిలో ఎప్పుడూ ఒక నల్ల అద్దం ఉంటుంది. అది ఉన్నంతసేపూ నమూనా మీద పడేది వెయ్యో వంతు వెలుగే. ఆ రోజు ఎవరో దాన్ని పీకారు. ఎక్కడ దొరికిందని అడిగితే బల్ల చివర చూపించాడు. పల్చటి కాగితంలో పొందిగ్గా చుట్టి, దాని డబ్బా మూతలో పెట్టి ఉందట. కాల్చడానికి వచ్చినవాడు కూడా అద్దం గీసుకుపోకుండా జాగ్రత్త పడ్డాడన్నమాట.

“మీ విద్యార్థులు ఇలాగే పెడతారా?”

“లేదమ్మా. వాళ్ళు స్టాండు మీదే పక్కకి తిప్పేస్తారు. కాగితంలో చుట్టడం పాతకాలం వాళ్ళ అలవాటు.” ఆయన డబ్బా మూత సర్దాడు. “నాదీ, గైడుగారిదీ.”

అలవాటు సాక్ష్యం కాదు. రూళ్ళకర్ర ముందు పెడితే నవ్వుతాడు. కంప్యూటరులో ఆ మంగళవారం రికార్డు తెరిపించాను. లేజరు బలం నేలబారుగా గీతలా సాగుతోంది. సరిగ్గా మూడు పన్నెండు దగ్గర నిట్టనిలువుగా లేచి, నిమిషమున్నర అక్కడే ఉండి, పడిపోయింది. చెప్పినదాంట్లో అణువంత అబద్ధం లేదు. ఆ గీత చూడలేక తెర కింది మూలకి కళ్ళు తిప్పుకున్నాను. అక్కడ టైము పది యాభై ఎనిమిది.

ముందు నాకేమీ తట్టలేదు. చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ మణికట్టు మీదికి పోయింది. మణికట్టు ఖాళీ. వాచీ పళ్ళెంలో పెట్టేటప్పుడు పదకొండు పది కదా.

గబగబా ముందు గదిలోకి వచ్చాను. మా నాన్న వాచీలో పదకొండు నలభై అయిదు. నా ఫోనులో అంతే. మేస్త్రి కార్డుతో తలుపు తెరిపించి చూస్తే వరండా గోడ గడియారంలో కూడా అంతే. తిరిగి లోపలికి వెళ్ళాను. తెర మీద పదకొండు.

“మేస్త్రిగారూ, దీని టైము ఎవరు సరిచేస్తారు?”

ఆయన నవ్వాడు. దాని టైము ఎవరిక్కావాలన్నాడు. మూడేళ్ళ కిందట ఒకసారి పదకొండు గంటల ప్రయోగం నడుస్తుండగా అప్‌డేట్ వచ్చిందని కంప్యూటరు తనంతట తాను ఆరి వెలిగింది. కొలతలన్నీ పోయాయి. ఒళ్ళు మండి నెట్‌వర్కు తీగ పీకి పారేశారు. మళ్ళీ ఎవరూ పెట్టలేదు. రెండు మెరుపుల మధ్య తేడా ఒక్కటే వీళ్ళకి టైము, గోడ మీది టైముతో పనే లేదు. రోజువారీ పుస్తకంలో కూడా అందరూ ఆ తెర చూసే రాస్తారు, వాచీలు బయట పళ్ళెంలో ఉంటాయి గనక.

“బయటికొచ్చాక తేడా తెలిసేది కాదా?”

“ఎప్పుడూ అనుకున్నదానికన్నా ఆలస్యమే అయ్యేదమ్మా. పనిలో పడితే టైము తెలీదు అనుకునేవాళ్ళం.”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సెకనుని కోట్ల కోట్ల ముక్కలు కోసి లెక్కపెట్టే మనుషులు, రోజుకి రెండున్నర సెకన్ల చొప్పున మూడేళ్ళలో నలభై ఆరు నిమిషాలు పోగొట్టుకుని, అదంతా తమ శ్రద్ధ అనుకున్నారు. మా నాన్న వింటే కొట్టు మూసేసి మరీ నవ్వేవాడు.

మూడు పన్నెండుకి నలభై ఆరు కలిపాను. మూడు యాభై ఎనిమిది. అప్పటికి మిరియం మర్నాటి పనికి నమూనా బిగించేసి బయటికొచ్చి ముప్పై ఏడు నిమిషాలయింది.

ఈ సంగతి ఎవరికీ, మిరియానికి కూడా, చెప్పొద్దన్నాను. మేస్త్రి తలూపాడు. రహస్యాలు దాచడం తనకి కొత్త కాదన్నాడు. ఆ మాట కూడా రాసుకుని ఉండాల్సింది. రాసుకోలేదు.

ఒంటిగంటన్నరకి గైడుగారి గదికి వెళ్ళాను. లేచి కుర్చీ జరిపారు. టీ తెప్పించారు. అంత మంచిగా మాట్లాడే మనిషిని చూస్తే నాకు ముందు అనుమానం పుడుతుంది, వృత్తి దోషం. పిల్ల చాలా తెలివైందనీ, తొందరపడిందనీ, సంతకం పెడితే మరో చోట సీటు తనే ఇప్పిస్తాననీ చెప్పారు. చెబుతూ కళ్ళజోడు తీసి, సొరుగులోంచి పల్చటి కాగితం తీసి తుడిచి, అదే కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టారు. నేను టీ తాగుతూ ఆ పొట్లం వైపు చూస్తూ కూర్చున్నాను.

“ఏడు నిజమై ఉండొచ్చా?” అని అడిగాను.

“పద్దెనిమిదిని పదిహేనేళ్ళలో ఎవరూ కాదనలేదండీ.”

“ఎవరైనా మళ్ళీ కొలిచారా?”

ఆయన బల్ల మీది కలాలు సర్దారు. ఆ మంగళవారం ఎక్కడున్నారని అడిగితే తడుముకోకుండా చెప్పారు. రెండున్నర నుంచి మూడున్నర దాకా తరగతి, అరవై మంది విద్యార్థులు సాక్ష్యం. ఆ తర్వాతో? ఇక్కడ మాత్రం టీ కప్పు పక్కకి జరిపారు. అయిదింటిదాకా ఈ గదిలోనే పరీక్ష పేపర్లు దిద్దుకున్నారట. ఆ రోజు ప్రయోగశాల మెట్లే దిగలేదట.

అదే నాలుగు ముక్కలు రాసి సంతకం పెట్టివ్వమన్నాను. అందరి దగ్గరా తీసుకుంటున్నానని అబద్ధం చెప్పాను. కలం పట్టుకుని చాలాసేపు కాగితం వైపు చూశారు. వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. చివరికి రాసిచ్చారు. దస్తూరీ ముత్యాల్లా ఉంది.

నాలుగింటికి విచారణ గదిలో అందరం కూర్చున్నాం. అధ్యక్షురాలు మొక్కల శాస్త్రం బోధించి పెద్దదైన మనిషి, తక్కువ మాట్లాడుతుంది. ఆవిడకి ఒక పక్క గైడుగారు, ఇంకో పక్క రూళ్ళకర్ర. మిరియం ముందు ఆ కాగితం, కాగితం మీద కలం. సంతకం పెడతావా అని ఆవిడ ఒక్కసారే అడిగింది.

“పెట్టనండి,” అంది మిరియం. “కాల్చింది నేను కాదు. కొలిచింది నేనే. పంపించాలనుకుంటే పంపించండి, వెళ్ళేటప్పుడు కూడా ఏడనే చెబుతాను.”

కళ్ళు దించలేదు. నాకు ఆ క్షణంలో ఆ పిల్లని దగ్గరికి లాక్కోవాలనిపించింది. రూళ్ళకర్ర అయితే ఇంక ఆలస్యమెందుకని లేచాడు. నేను అధ్యక్షురాలి వైపు తిరిగి, కింద ప్రయోగశాలలో ఒక్క పది నిమిషాలు కావాలని అడిగాను. ఇదంతా నాటకమని రూళ్ళకర్ర ఒంటికాలి మీద లేచాడు. ఆవిడ ఆయన మాట పూర్తి కాకముందే చేతికర్ర అందుకుంది.

ముందు గదిలో పళ్ళెం నిండింది. ఆవిడ వాచీ, రూళ్ళకర్ర వాచీ, గైడుగారి వాచీ, మా నాన్న వాచీ. లోపల మేస్త్రి దీపాలు వేశాడు. కంప్యూటరు తెర మూల ఎంతయిందో చదవమని ఆవిడని అడిగాను. మూడు ఇరవై అయిదు అని చదివింది. ఇప్పుడు బయటికెళ్ళి మీ వాచీ చూడండన్నాను. వెళ్ళింది. తిరిగొచ్చింది. నాలుగు పదకొండు అంది. మళ్ళీ వెళ్ళి మళ్ళీ వచ్చింది. తన కళ్ళని తప్ప ఎవరినీ నమ్మని మనిషి, నాకు భలే నచ్చింది.

మిరియం నోరు తెరిచి ఆ తెర వంకే చూస్తోంది. అయిదేళ్ళుగా రోజూ చూసిన తెర. తనకీ అప్పుడే అర్థమయిందని ముఖం చూస్తే తెలిసింది.

“తలుపు గడియారం ఏడాదికి సెకను తేడా రాదని సార్ పొద్దున చెప్పారు,” అన్నాను పుస్తకం తెరిచి. “తేడా ఉన్నది ఈ గదిలో. నలభై ఆరు నిమిషాలు.”

అందరికన్నా ముందు లెక్క కట్టింది రూళ్ళకర్రే. పోలీసు బుర్ర, ఎంత తుప్పు పట్టినా బుర్రే. “మూడు యాభై ఎనిమిది,” అన్నాడు మెల్లగా. నేనేమీ అడగకుండానే ముందు గదిలోకి వెళ్ళి, ఫోను తీసి, తన గుమాస్తాని ఆ రోజు తలుపు రికార్డు మొత్తం చదవమన్నాడు. వింటూ ఒక్కో వరుసా మాకు వినిపించేట్టు పైకి అన్నాడు. మూడు ఇరవై ఒకటి, విద్యార్థిని బయటికి. ఆ తర్వాత ఎవరూ లేరు. మూడు యాభై నాలుగు.

అక్కడ ఆగిపోయాడు.

“చదవండి సార్,” అన్నాను.

“గైడుగారు లోపలికి,” అన్నాడు. “నాలుగు గంటల మూడు నిమిషాలకి బయటికి. మధ్యలో ఇంకెవరూ లేరు.”

ఆ రోజు ప్రయోగశాల మెట్లే దిగలేదన్న కాగితాన్ని, ముత్యాల దస్తూరీతో సహా, అధ్యక్షురాలి చేతిలో పెట్టాను. ఆవిడ చదివి మడిచింది. అరవై మంది సాక్షులున్న గంటని ఆయనకి ఇచ్చింది ఆ పాడు గడియారమే. ఈ పిల్ల మెడకి ఉచ్చు బిగించింది కూడా అదే. ఆయన ముందుగా పన్నాగమేమీ పన్నలేదు. నివేదికలో మూడు పన్నెండు అని చూసిన రోజున, ఏం జరిగిందో అర్థమైన ఒకే ఒక్క మనిషి ఆయన. అర్థమై నోరు మూసుకున్నాడు. కాల్చినదానికన్నా నాకు దానికే ఎక్కువ కడుపు మండింది.

గైడుగారు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. మాట్లాడినప్పుడు గొంతులో ఆ మధ్యాహ్నపు తియ్యదనం లేదు.

“నన్ను పంపించెయ్యండి, పరవాలేదు. కాలింది కాలింది. అంత పదునైన మొన మళ్ళీ చెయ్యాలంటే రెండేళ్ళు. ఎల్లుండి వాళ్ళొచ్చి దేన్ని చూస్తారు? పుస్తకాల్లో ఉండేది నా పద్దెనిమిదే.”

అది నిజం. నేను పిల్లని నేరం నుంచి తప్పించగలిగాను, అంతే. ఏడుని తిరిగి తేలేను. నా గెలుపులోంచి గాలి తీసేసినట్టయింది. మిరియం వైపు తిరిగాను, ఏం చెప్పి ఓదార్చాలో తెలియక.

ఆ పిల్ల మేస్త్రి వైపు చూస్తోంది. మేస్త్రి తలూపాడు.

“మేస్త్రిగారు ఏది చేసినా రెండు చేస్తారండి,” అంది. “ఒకటి చెయ్యి జారుతుందని భయం. రెండోది పనికిరాని ముక్కల లెక్కలో వేసి దాస్తారు. కాలింది పదిహేడు-అ. పదిహేడు-ఆ ఉంది.”

“ఎక్కడ?” గైడుగారు ఆ గదిలో గొంతు పెంచింది అదొక్కసారే.

“ఎల్లుండి వాళ్ళొచ్చాక చూద్దురుగాని సార్. అదే లేజరు, అదే బల్ల. మీ ముందే కొలుస్తాను.”

అధ్యక్షురాలు ఆయన కార్డు అడిగి తీసుకుంది. రూళ్ళకర్ర ఆయన్ని బయటికి నడిపించాడు. పళ్ళెంలోంచి వాచీ తీసుకుంటూ నా దగ్గర ఆగి, “అప్పుడు కూడా ఒక్క పేజీయే చదివాను,” అన్నాడు. పదకొండేళ్ళు పట్టింది ఆ మాట రావడానికి. నేను సరేనని కూడా అనలేదు. ఆ మాట వినాల్సిన మనిషిని నేను కాదు.

మెట్లెక్కుతూ మిరియం చెయ్యి పట్టుకున్నాను. తొమ్మిది రోజులు ఇన్ని మాటలు పడింది. రెండో ముక్క ఉందని ఒక్క మాట అంటే సగం నోళ్ళు మూతపడేవి. ఎందుకు చెప్పలేదని నిలదీశాను.

“చెబితే అదీ కాలేది అత్తా. మొదటిది కాల్చిందెవరో తెలిసేదాకా రెండోది ఎక్కడుందో ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. మేస్త్రిగారు మర్నాడే నా చేతిలో పెట్టి, ఈ భవనంలో మాత్రం ఉంచొద్దన్నారు.”

“నాకు కూడా చెప్పకూడదా?”

“నీకు చెబితే నువ్వు వెళ్ళి రోజుకి పదిసార్లు చూసుకుంటావు.”

“ఎక్కడుందే మరి?”

నవ్వింది. తొమ్మిది రోజుల్లో మొదటిసారి. “నీ బొత్తాల డబ్బాలో. అడుగున, తెల్ల బొత్తాల కింద, చిన్న ప్లాస్టిక్ డబ్బీలో.”

మెట్ల మధ్యలో నిలబడిపోయాను. ఇరవై రెండేళ్ళుగా అబద్ధాలు పట్టుకుంటున్నదాన్ని. ఆ బుధవారం నేను ఎదురుగా కూర్చుని, పాపం, పిల్ల చేతులు వణుకుతున్నాయని, సూదిలో దారం నేనే ఎక్కించి ఇచ్చాను.